ఏరు దాటించిన ఎలుకలు

నేనేం ఉద్యోగం చేస్తున్నానని చుట్టాలెవరైనా అడిగితే మా అమ్మ "సర్కారులో లెక్కలు" అని చెప్పి, కాఫీ కలపాలంటూ లోపలికి వెళ్ళిపోయేది. దేని లెక్కలు అనే రెండో ప్రశ్న పడకుండా ఆ జాగ్రత్త. ఎలుకల లెక్కలు. గుడియాత్తం బజారులో మూడు తరాలుగా పప్పులు, బెల్లం, వేరుశెనగలు అమ్మిన ఇంట్లో పుట్టి, వేలూరులో జంతుశాస్త్రం చదివి, మా తాత బతికినన్నాళ్ళూ తిట్టిన జీవికి నా సర్వీసంతా ధారపోశాను. మా నాయన మాత్రం "పరిశోధన" అనే మాట నేర్చుకుని పెళ్ళి సంబంధాలవాళ్ళ దగ్గర వాడాడు. ఆ మాటకు మంచి ధరే పలికింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు కొందరు నా దగ్గరికి వచ్చి ఏం చదవమంటారని అడుగుతారు. పుస్తకాలు నాకంటే వాళ్ళ దగ్గరే ఎక్కువున్నాయి. ప్రమోషన్లు, బదిలీల సంగతి ఆఫీసు గుమాస్తాలు నాకంటే బాగా చెబుతారు. నాకు తెలిసింది ఒకటే. ఒక ప్రాణి కనబడకుండా పోతే దాన్ని చచ్చినట్టు రాసుకోవడం చాలా సులువు. ఆ రాత ఎంతదూరం పోతుందో ముగ్గురు మనుషుల వల్ల నాకు తెలిసింది. మా పెద్ద సారు, మా మేనమామ, ఏటి అవతలి మునెమ్మ. ముగ్గురిలో ఎవరూ నాకు నేర్పాలని నేర్పలేదు.

మచ్చు చూడడం

మూర్తిగారు గోదావరి జిల్లా మనిషి. ప్లేగు భయం ఇంకా పూర్తిగా పోని రోజుల్లో, ఎలుకల సర్వే కోసం వేలూరులో పెట్టిన చిన్న ఆఫీసుకు ఆయన పెద్ద. నేను చేరిన రోజున అడిగారు:

"మీ అంగట్లో ఎన్ని ఎలుకలుంటాయయ్యా?"

"అదెట్లా లెక్కపెడతామండీ? నిలబడవు గదా."

"నిలబడనివాటిని లెక్కపెట్టడానికేనయ్యా నీకు జీతం."

పద్ధతి చెబితే తేలికే. బోన్లు పెట్టి కొన్ని ఎలుకలను పడతాం. ఏ అంగట్లో పట్టామో తెలిసేటట్టు ఫలానా కాలికి ఫలానా వేలి కొస కత్తిరిస్తాం. పట్టిన చోటే వదిలేస్తాం. కొన్నాళ్ళకు మళ్ళీ బోన్లు పెడతాం. ఈసారి పడినవాటిలో సగానికి గుర్తుంటే, మొదట గుర్తు పెట్టినవాటికి రెట్టింపు ఆ అంగట్లో ఉన్నాయన్నమాట. పదింట ఒకదానికే గుర్తుంటే పది రెట్లు. అట్లాగే నెలనెలా బోన్లు పెడుతూ పోతే, గుర్తున్నవి ఎంత త్వరగా తగ్గిపోతున్నాయో చూసి వాటి ఆయుష్షు అంచనా కడతాం.

విన్న వెంటనే నాకు బస్తా మూతి గుర్తొచ్చింది. పైన మంచి శెనగలు పోసి అడుగున మట్టిపెళ్ళలు నింపే మనుషుల మధ్య పెరిగినవాణ్ణి. బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి మచ్చు తీసేటప్పుడు మా నాయన ఎప్పుడూ మూతి దగ్గర గుచ్చేవాడు కాదు, పక్కన కింది మూలలో గుచ్చేవాడు. బోనులో పడే ఎలుక బస్తా మూతి దగ్గరి శెనగ లాంటిది. ఆకలిగొన్నదో, తెలివితక్కువదో, పరుగెత్తే ఓపిక లేనిదో పడుతుంది. జబ్బు ఎలుక అన్నిటికంటే సులువుగా పడుతుంది. ఈ సంగతి మూర్తిగారికీ తెలుసు. గుర్తు చెరిగిపోకూడదు, గుర్తున్నవి మిగతావాటితో కలిసిపోవాలి, అన్నీ ఒకే తీరుగా బోనులో పడాలి, మధ్యలో ఏదీ బయటికి పోకూడదు, లోపలికి రాకూడదు. ఇవన్నీ కుదిరితేనే లెక్క నిజమని పాఠం చెప్పింది ఆయనే. ఇవన్నీ కుదిరిన చోటు ఒక్కటీ నా సర్వీసులో నేను చూడలేదు. అయినా లెక్క వేశాం. వేయకపోతే ఇంకా అధ్వానం.

లోపలి మచ్చలు

కాన్పుల లెక్క చచ్చిన ఆడ ఎలుకల దగ్గర తెలుస్తుంది. కోసి చూస్తే ఇప్పుడు కడుపులో ఎన్ని ఉన్నాయో తెలియడమే కాదు, ఇదివరకటి పిల్లలు అంటుకుని పెరిగిన చోట్ల గర్భసంచి మీద నల్లటి చిన్న మచ్చలు కూడా కనబడతాయి. పొలం ఎలుకకు కాన్పులు కోతల తరవాత ఒక కాలం, ఎండలకు ఒక కాలం. బజారు ఎలుకకు ఏడాదంతా కోతలే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతాను. విషం పెట్టి సగం ఎలుకలను చంపితే, మిగిలిన సగానికి తిండి రెట్టింపవుతుంది. వాటి పిల్లల్లో ఎక్కువ బతుకుతాయి. కొద్ది నెలల్లో అంగడి మళ్ళీ మొదటికొస్తుంది. తగ్గించాలంటే బొరియలు పూడ్చాలి, గింజ అందకుండా చేయాలి. ఈ మాట ఎన్ని మునిసిపాలిటీలకు చెప్పానో. వాళ్ళకు చచ్చిన ఎలుకల తోకలు కావాలి. గుట్ట పోసి చూపించవచ్చు గదా. పూడ్చిన బొరియను గుట్ట పోయలేం.

గీత పడినప్పుడు

మా సర్వే మొదట పలమనేరు దారిలోని ఊళ్ళ దాకా ఉండేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి చిత్తూరు జిల్లా అటు పోయాక, ఆ ఊళ్ళలో బోన్లు పెట్టే హక్కు మాకు పోయింది. గుర్తు పెట్టిన ఎలుకలు అక్కడే ఉన్నాయి, బెల్లం తింటున్నాయి, పిల్లల్ని కంటున్నాయి. మా లెక్కలో మాత్రం అన్నిటికీ ఒకేసారి కాలం మూడింది.

"చూడవయ్యా, ప్లేగు చెయ్యలేని పని సరిహద్దు చేసింది" అని మూర్తిగారు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులో ఉన్న పాఠం ఇద్దరికీ తలకెక్కలేదు.

ఆయన కొత్త రాష్ట్రానికి వెళ్ళడానికి ఒప్పుకున్నారు. ఉత్తరువు వచ్చేలోగా గుడియాత్తం బజారు పని ముగించి రిపోర్టు పెట్టాలని తొందర. బజారులో మాత్రం వేరే తగవు. మనం ఏ పక్క, ఈ ఊరు ఎవరికి పోతుంది అని కాఫీ హోటల్లో అరుచుకునేవాళ్ళు. మా మేనమామ చెంగల్రాయశెట్టి ఆ తగవులో దూరలేదు.

"నన్ను అరవంలో తిట్టేవాళ్ళుండారు, తెలుగులో తిట్టేవాళ్ళుండారు. ఏ పక్క పోయినా ఒకటేప్పా" అనేవాడు.

మామతో బేరం

బజారులో సర్వే జరగాలంటే ముందు మామ ఒప్పుకోవాలి. ఆయన ఒప్పుకుంటే వీధంతా ఒప్పుకున్నట్టే.

"పట్టిన ఎలకని మళ్ళీ నా అంగట్లోనే వదిలేదా? చదువుకుంటే ఇట్లయిపోతారని తెలిసుంటే మీ నాయనకి ఆ పొద్దే చెప్పుందునే గోపాలు."

"పట్టిన చోటే వదలాల మామా. లేదంటే లెక్క కుదరదు."

"నీ లెక్క కుదిరేదానికి నా బెల్లం పోవాల్నా?"

పని ముగిసినాక సర్వే తరఫున గిడ్డంగుల బొరియలన్నీ సిమెంటుతో పూడ్పిస్తానన్నాను. ఆయన గచ్చు కూడా వేయించమన్నాడు. నేను లేచి చెప్పులు తొడుక్కున్నాను. ఆయన వక్కపలుకు నోట్లో వేసుకుని వీధి వైపు చూశాడు. బేరం తెలిసిన ఇద్దరి మధ్య ఇదంతా మర్యాద. చివరకు గచ్చు లేదు, గడపల కింద రాతిపలకలు మాత్రం అన్నచోట తెగింది.

"ఇంకొక మాట మామా. వేలు కత్తిరించింది మీ సొంత బోన్లో పడినా చంపగూడదు."

"మేమెప్పుడన్నా చంపినామా? వినాయకుడి వాహనం. పైగా ఇప్పుడు సర్కారు ఎలక. దాన్ని చంపి జైలుకి పోయేదానికా?"

ఒక శెట్టిని అంగట్లో ఎలుకలు పెంచడానికి ఒప్పించినవాడు ఆ జిల్లాలో నేనొక్కణ్ణే అనుకుని ఆ రోజు ఇంటికి కొంచెం ఛాతీ విరుచుకునే నడిచాను.

వాసన రాని చావు

తరవాతి బోన్లలో గుర్తున్న ఎలుకలు చాలా తక్కువ పడ్డాయి. ఆ మరుసటి నెల ఇంకా తక్కువ. అదే సమయంలో ఒక గిడ్డంగిలో దూలం మీదినుంచి రెండు మూడు ఎలుకలు రాలాయి. మూర్తిగారు వాటి ప్లీహం తీసి సూక్ష్మదర్శిని కింద చూశారు. ప్లేగే. బండ్ల మీద వచ్చిన వేరుశెనగ మూటల్లో దిగిందని మా అనుమానం.

ఆయన రెండింటినీ కలిపారు. గుర్తున్నవి మాయమవుతున్నాయి, రాలినవాటిలో ప్లేగు ఉంది. కాబట్టి బజారు ఎలుకలు ప్లేగుతో గుంపులుగా చస్తున్నాయి. ఎలుక చస్తే దాని ఒంటిమీది గోమారులు, నెత్తురు తాగే రెక్కల్లేని చిన్న పురుగులు, ఎగిరి దూకి మనిషిని వెతుక్కుంటాయి. ఉన్న ప్లేగు సూదుల మందు కొంచెం. అది ముందు బజారుకు. అప్పటికి చేతిలో ఉన్న సాక్ష్యంతో చూస్తే అందులో తప్పేమీ లేదు.

నాకు ఒక్కటే అడ్డం పడింది.

"ఇన్ని ఎలుకలు చచ్చుంటే వాసన రావాలండీ."

"బొరియల్లో చస్తాయయ్యా."

"బొరియలో చచ్చినా వస్తుంది సార్. మా అంగట్లో ఒక్కటి చచ్చిందంటే ఆ వారం బేరం ఉండదు. ఇప్పుడు బజారంతా బెల్లం వాసనే."

"వాసన రిపోర్టులో ఎక్కడ రాయాలో చెప్పు, రాస్తాను."

మరునాడు తెల్లవారుతూనే మామ అంగడికి వెళ్ళాను. హమాలీ ఒకడు గోనెపట్టా చుట్టిన చెక్కబోను చంకలో పెట్టుకుని ఏటి వైపు పోతున్నాడు. నేను అడగకముందే మామ అన్నాడు:

"చంపొద్దన్నావు. చంపలా."

"పట్టిన చోటే వదలాలని చెప్పినాను గదా మామా?"

"అది నువ్వు పట్టినదానికి. నా బోన్లో పడింది నేను పట్టింది. దాన్ని అంగట్లో పెట్టుకోమని యాడన్నావు?"

నిజమే, అనలేదు. వీధి వీధంతా అదే పని చేస్తోంది. మా ఇళ్ళలో ఇది తాతల నాటి ఆచారం. ఎలుకను చంపరు, బోనుతో సహా ఏరు దాటించి అవతలి గట్టున మూత తీస్తారు. నీళ్ళు లేని ఏరే, కానీ దాటిస్తే తిరిగి రాదని నమ్మకం. నా చిన్నతనంలో అవతల తుమ్మకంప తప్ప ఏమీ లేదు. ఇప్పుడక్కడ కట్టడం పనివాళ్ళ గుడిసెలు వరసగా లేచాయి. ఆచారం మాత్రం తలెత్తి అటు చూడలేదు. సులువుగా బోనులో పడేది జబ్బు ఎలుక అని ముందే చెప్పాను. పాపభీతితో మా బజారు రోజూ పొద్దున్నే ఏరి ఏరి వాటినే అటు చేరవేస్తోంది.

అవతలి గట్టు

ఆ పొద్దే ఏరు దాటాను. మొదటి గుడిసె మునెమ్మది. ఆమె చిత్తాలు, అంటే మేస్త్రీలకు ఇటుకలు, సున్నం అందించే కూలిమనిషి. కొడుకు ఏలుమలై మేస్త్రీ. కోడలు కన్నెమ్మ గడపలో కూర్చుని ఇసుక జల్లెడ బిగిస్తోంది. నిండు గర్భిణి.

"ఎలుకలు రాలుతున్నాయా అమ్మా?"

"రాలినాయి నాయనా. పొయ్యికాడ రెండు, దూలం మిందనుంచి ఒకటి. తమటం కొట్టి చాటింపు ఏసినోడు కాల్చమన్నాడు, కాల్చినాము."

"వాటి కాళ్ళు చూసినారా? వేలు కత్తిరించినట్టుండాదా?"

"ఎలక్కి కాళ్ళు చూసేదెందుకు నాయనా, పెండ్లి సంబంధమా?"

కన్నెమ్మ నవ్వింది. తరవాత అడిగింది: "బజారోళ్ళకి సూది ఏస్తా ఉండారంట గదన్నా. మాకెప్పుడు?"

"తొందర్లోనే అమ్మా" అన్నాను.

వాళ్ళు పడుకునేది మట్టి నేలమీద. బజారువాళ్ళు పడుకునేది మిద్దెమీద. గోమారి ఎంత ఎత్తు ఎగరగలదో మేం పాఠంగా చదువుకున్నాం.

మూర్తిగారు నా మాట కొట్టిపారెయ్యలేదు. కానీ ఇలా అన్నారు: "గుర్తున్న ఎలుక ఒకటి అవతల చూపించు. లేదా శెట్టిగారు వచ్చి నా ముందు చెప్పాలి. నీ ఊహ నమ్మి బజారువాళ్ళ సూదులు ఆపి, రేపు అక్కడ ఒకడు పోతే నేనేం చెప్పను?"

గుర్తున్నవి బూడిదయ్యాయి. మిగిలింది మామ.

"నా నోటితో నేనే చెప్పి, నా బిడ్డలకేసే సూదిని ఏటవతలకి పంపాల్నా గోపాలు? అదీగాక, అక్కడోళ్ళు రేపు నా అంగడి ముందర నిలబడి మన్నెత్తి పోసి శాపాలు పెడితే?"

బేరంలో తొందరపడేవాడు ఓడతాడని మా ఇంట్లో ఉగ్గుపాలతో పోస్తారు. నేను తొందరపడలేదు. ఆ రోజు కొంత మెత్తబరిచాను. మరునాడు ఇంకొంత. పేరు బయటికి రాదన్నాను. బజారుకు మళ్ళీ మందు తెప్పిస్తామన్నాను. ఆయన వక్కపలుకు నములుతూ వీధి చూస్తూనే ఉన్నాడు. బేరాల్లో నేను చాలా చూశాను. రెండు వైపులా కాలం ఒకే వేగంతో నడవదని మాత్రం తెలుసుకోలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఆయనే అంగడి తలుపులు వేసి ఊళ్ళో మా సర్వే మకాంకు వచ్చాడు. ఆయన మిద్దెమీద కొత్త గదికి పూత పూస్తున్న మేస్త్రీ ఆ పొద్దు పనికి రాలేదట. ఎందుకు రాలేదని కబురు పెడితే, పెండ్లానికి జ్వరమని చెప్పి పంపాడట. ఆ మేస్త్రీ ఏలుమలై.

మామ మూర్తిగారి ఎదుట నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అవతల వదిలింది మేమే సార్. బజారంతా. చంపితే పాపమని వదిలినాము. సూదులు అటు పంపండి."

మూర్తిగారు లేచి మందు పెట్టె తానే మోసుకుని ఏట్లోకి దిగారు. ఆ సాయంత్రంలోగా గుడిసెలన్నిటికీ సూదులు వేశారు. ఆ మందు ఒంట్లో పనిచేయడానికి కొన్నాళ్ళు పడుతుంది. కన్నెమ్మకు అప్పటికే గజ్జల్లో గడ్డ లేచింది. ఏలుమలై ఆమెను బండిలో పడుకోబెట్టి వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. మరునాడు బండి తిరిగి వచ్చింది. కడుపులో బిడ్డను తీయడానికి కూడా వ్యవధి లేకపోయిందట. ఆ వరసలో ఇంకా కొందరు పోయారు. బజారులో ఒక్కరికీ రాలేదు.

మామ ఆ తరవాత ఎలుకబోను అంగట్లో ఉంచలేదు. ఆ మిద్దె గదికి పూత కూడా పూయించలేదు. సగం గోడ అట్లాగే ఉండిపోయింది. 

పట్టిన చోటు

మా పట్టికలో "చచ్చినవి" అనే గడి ఉండేది. ఆ ఏడాదినుంచి దాన్ని రెండు చేశాను. "చచ్చినట్టు చూసినవి" ఒకటి, "కనబడనివి" ఇంకొకటి. పిల్లలూ, మొదటి గడిలో రాయాలంటే శవం చూసి ఉండాలి. రెండో గడి నిండుతుంటే కాగితం మూసి బయటికి నడవండి. ఆ ప్రాణిని ఎవరు ఎత్తుకుపోయారో, ఎక్కడ దించారో, దించిన చోట ఎవరుంటున్నారో అడగండి. చావు, వలస మన లెక్కకు ఒకే తీరుగా కనబడతాయి. ఆ దించిన చోట ఉండేవాళ్ళకు అవి ఒకటి కావు.

రిపోర్టు సరిచేయడానికి అవతలి గట్టున బోన్లు పెట్టాలి. ఒక్క గుడిసెలోనూ పెట్టనివ్వలేదు. పెట్టనివ్వరు మరి. మునెమ్మ మాత్రం నా చేతిలోంచి బోను తీసుకుని లోపల పెట్టింది.

కొన్నాళ్ళకు పొద్దున్నే ఆమే బోను తెచ్చి మా ముందు దించింది.

"ఇది మీదేనా చూడు నాయనా."

ముందరి కుడికాలికి వేలి కొస లేదు. మా మామ అంగడి గుర్తు. నేనే కత్తిరించింది. మూర్తిగారు గుడ్డతో పట్టుకుని పొట్ట తడిమారు. అలవాటు కొద్దీ పైకి చదివారు: "ఆడది. బతికే ఉంది. కడుపుతో ఉంది."

మునెమ్మ ఆ మాట విన్నది. కాసేపు ఆ ఎలుక వైపే చూసింది.

"పట్టిన చోటే వదలాల గదా మీ లెక్కకి? మళ్ళీ ఈడనే వదలాల్నా?"

పద్ధతి ప్రకారం అంతే. కానీ మూర్తిగారు ఎలుకను క్లోరోఫారం డబ్బాలో వేసి మూత బిగించి, లోపల చప్పుడు ఆగేదాకా మూతమీద చెయ్యి తీయలేదు. గుర్తు పెట్టినవాటిలో నేను కళ్ళారా చూసి "చచ్చింది" అని రాసిన మొదటిది అదే.

మునెమ్మ ఖాళీ బోను తీసుకుంది. కొంగుతో లోపల తుడిచింది.

"దీంట్లోకి కొంచిం ఎర పెట్టియ్యి నాయనా" అన్నది. "ఇంకా ఉండాయి."